చేప ముళ్ల కోసం దివిసీమ దాకా

నేను కృష్ణా జిల్లా వెళ్లింది చేపలు తినడానికి కాదు, చేప ముళ్లు తెచ్చుకోవడానికి. ఈ మాట చెప్పగానే అక్కడ ప్రతివాళ్లూ ముందు నవ్వారు, ఆ తర్వాత భోజనానికి రమ్మన్నారు.

మాది అనంతపురం వైపు పల్లె. చెరువు నిండిన ఏడు తప్ప చేప మొహం చూడని ఊరు. ఉద్యోగం హైదరాబాదులో, పాత ఎముకల్ని పరీక్షించే ప్రయోగశాలలో. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ఒక స్త్రీ ఎముకలు మా బల్ల మీదికి వచ్చాయి. కృష్ణ ఒడ్డున, బాగా ఎగువన, రాతి గొడ్డళ్ల కాలం నాటి ఊరొకటి తవ్వుతుంటే దొరికిన మనిషి. ఆవిడ పక్కనే చేప ముళ్లు కూడా దొరికాయి. ఆవిడ ఏం తిని బతికిందో మేం చెప్పాలి.

అదెలా చెప్తారని అందరూ అడుగుతారు. మనం తిన్నదానితోనే మన ఎముక తయారవుతుంది. కర్బనంలో తేలికది ఉంటుంది, కాస్త బరువుది ఉంటుంది. వరి తినేవాళ్ల ఎముకల్లో బరువు కర్బనం తక్కువ. జొన్న, రాగి తినేవాళ్లలో ఎక్కువ. సముద్రపు చేప తినేవాళ్లలోనూ కొంత ఎక్కువే. నత్రజనిలో కూడా ఇలాగే తేలికా, బరువూ ఉన్నాయి. చిన్న చేప కంటే దాన్ని మింగిన పెద్ద చేపలో, ఆ పెద్ద చేప కంటే దాన్ని తిన్న మనిషిలో బరువు నత్రజని ఎక్కువ. అందుకని ఆ రెంటినీ కలిపి చూస్తే మనిషి భోజనం కొంతవరకు తెలుస్తుంది. అయితే పోల్చి చూడటానికి ఇప్పటి ఏటి చేపలు, నదీ సముద్రం కలిసేచోటి ఉప్పునీటి చేపలు, సముద్రపు చేపలు కావాలి. వాటి ముళ్లు కావాలి. చెరువుల్లో పెంచినవి పనికిరావు. తవుడూ, వేరుశనగ చెక్కా తిని పెరిగిన చేప ముల్లులో ఉండేది ఆ తవుడే.

వన్ టౌన్

మా ఆఫీసులో ఒకాయన విజయవాడలోని తన స్నేహితుడు ఖాజా గారికి ముందే ఫోన్ చేసి పెట్టారు. ఖాజా గారిది వన్ టౌన్‌లో ఎండుచేపల కొట్టు. స్టేషన్‌కి ఆయనే స్కూటర్ మీద వచ్చారు. ఎండుచేపల మధ్య నుంచి లేచి వచ్చిన మనిషి దగ్గర అత్తరు వాసన తప్ప మరో వాసన లేదు.

"చెరువు చేప వద్దన్నారంట కదండీ. ఇప్పుడు బెజవాడలో ఏటి చేప దొరకబుచ్చుకోవాలంటే పొద్దున్నే వెళ్లాలి, మొహమాటం లేకుండా పోట్లాడాలి. నాకు రెండూ అలవాటే" అన్నారు.

చేపల బజారులో ఆయన నిజంగానే పోట్లాడారు. బ్యారేజీ కింద వల వేసేవాళ్ల దగ్గర నుంచి తెచ్చిన కొరమేను ఒకటి, జెల్లలు కొన్ని బేరం చేశారు. కొరమేను ధర విని, మా ఊళ్లో అయితే ఈ డబ్బుతో పొట్టేలు మాంసం తెచ్చుకుని చుట్టాల్ని కూడా పిలుస్తాం కదా అనుకున్నాను. డబ్బులిచ్చి వెనక్కి తిరిగేసరికి, చేప కోసే ఆవిడ కత్తిపీట మీద ఒక జెల్లని టకటకా ముక్కలు చేసేసింది. వెన్నుముల్లు మధ్యకి తెగిపోయింది.

"అయ్యో, కోసేశారా!" అన్నాను.

"కొయ్యకపోతే చీరలాగా మడతపెట్టి ఇస్తారేంటమ్మా?" అంది ఆవిడ.

నాకు ముల్లు చెక్కుచెదరకుండా కావాలని, కండ అక్కర్లేదని చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపి ఖాజా గారి వైపు చూసింది. ఆయన నవ్వుతూ, "చదువుకున్నోళ్లమ్మా, వాళ్ల లెక్కలు వేరు" అన్నారు. మిగిలిన చేపల్ని ఆవిడ కోయకుండా, వేరే కాగితంలో జాగ్రత్తగా చుట్టి ఇచ్చింది, రోగికి మందు ఇచ్చినట్టు.

వాళ్లింట్లో వంటగది గుమ్మం దగ్గర కూర్చుని పచ్చి చేపల కండని వేరు చేశాం, నేనూ, ఖాజా గారి భార్య షమీమ్ గారూ. పులుసులో ఉడికాక ముళ్లు తీసుకోవచ్చు కదా అని ఆవిడ అడిగారు. చింతపండు పులుపు ముల్లుని పాడుచేస్తుందని చెప్పాను.

"మరి ముల్లు లేకపోతే పులుసుకి రుచెక్కణ్ణించి వస్తుందండీ?" అన్నారావిడ.

ముల్లు లేని చేప పులుసులో నిలవలేదు, చెదిరిపోయి ముద్దయింది. ఖాజా గారు ఒక ముద్ద తిని, కాసేపు ఆలోచించి, "పురావస్తు శాఖ వారి కూర" అన్నారు. పిల్లలు ముగ్గురూ పగలబడి నవ్వారు. నేను జీవితంలో పట్టుమని పదిసార్లు కూడా చేప తిన్నదాన్ని కాదు. ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.

గవర్నర్‌పేట

నా బస గవర్నర్‌పేటలో ఒక లాడ్జి. ముళ్లని శుభ్రంగా కడిగి, కాగితం మీద పరిచి, డాబా మీద ఎండబెట్టాను. కాఫీ తాగుదామని కిందికి దిగాను. తిరిగి మెట్లెక్కుతుంటే మేనేజరు ఎదురొచ్చాడు.

"మేడమ్, ఇది ఫ్యామిలీ లాడ్జి అండీ" అన్నాడు చాలా మర్యాదగా. "డాబా మీద ఏంటండీ అది?"

ప్రభుత్వ పని అని మొదలుపెట్టి, నాలుగు వేల ఏళ్ల కిందటి మనిషి దాకా వెళ్లాను. ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు. విని, "అంతా బాగానే ఉందండీ. కానీ కాకులకి తెలియదు కదండీ" అన్నాడు.

పరిగెత్తుకుంటూ పైకి వెళ్లాను. జెల్ల ముళ్లు ఉన్నాయి. కొరమేను వెన్నుముల్లు లేదు. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద ఒక కాకి దాన్ని రెండు కాళ్ల మధ్య పెట్టుకుని తీరిగ్గా పొడుస్తోంది. నేను "హోయ్" అని చెయ్యెత్తి అరిచాను. అది నా వైపు ఒకసారి చూసి, ముల్లుతో సహా బీసెంట్ రోడ్డు వైపు ఎగిరిపోయింది.

ఈ సంగతి విని ఖాజా గారు మర్నాడు బస్టాండులో చాలాసేపు నవ్వారు. "దివిసీమలో దొరుకుతాయిలెండి, బెంగపడకండి. మా ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ. మా ఆవిడకి మూడు పురుళ్లూ పోసిన సులోచనమ్మ గారని నర్సమ్మ గారు అక్కడే ఉంటారు. ఫోన్ చేసి చెప్పాను. వాళ్లింట్లోనే దిగండి" అన్నారు.

ఉయ్యూరు దాటాక

మా వైపు బస్సు ప్రయాణమంటే కిటికీలోంచి ఎండ, రాయి, వేరుశనగ చేలు. ఇక్కడ బస్సు పక్కనే కాలవ నడుస్తుంది. కాలవ గట్టు మీద మనుషులు బట్టలుతుకుతారు, గేదెల్ని తోముతారు, ఏమీ లేకపోతే ఊరికే కూర్చుంటారు. బిందె నీళ్ల కోసం క్యూలో నిలబడి పెరిగిన నాకు, అన్ని నీళ్లు ఎవరూ కాపలా లేకుండా పోతుంటే మొదట ఆశ్చర్యం వేసింది, తర్వాత కాస్త కడుపు మండింది. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ వాసన బస్సంతా నిండింది. అది నాకు మేలే చేసింది, నా సంచీ వాసన అందులో కలిసిపోయింది.

పామర్రు దాటాక ఆ సాయం తగ్గింది. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డుపెట్టుకుని, "ఏం తీసుకెళ్తన్నావమ్మా?" అని అడిగింది. చేప ముళ్లన్నాను.

"పిల్లికా?"

కాదు, పరీక్షకి అన్నాను.

"ఏం పరీక్షో ఏమో. పాసైతే చాలు తల్లీ" అని తన సంచీలోంచి రెండు మల్లెపూలు తీసి నా సంచీ మీద పెట్టింది. చల్లపల్లిలో దిగిపోయేదాకా మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అవనిగడ్డ

సులోచనమ్మ గారికి డెబ్బై దగ్గర పడుతుంటాయి. తెల్ల చీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యారు, పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఆవిడా, ఆవిడ కూతురు కరుణా ఉంటారు. కరుణ కూడా నర్సే, సబ్‌సెంటర్‌లో పని. ముప్ఫైకి కాస్త అటో ఇటో ఉంటుంది. మాట్లాడేటప్పుడు అప్పుడప్పుడూ ఎడమ దవడ అరచేత్తో నొక్కుకుంటుంది. పుచ్చుపన్ను. లవంగంతో నెట్టుకొస్తోంది.

భోజనాల ముందు సులోచనమ్మ గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. అందులో "ఈ బిడ్డ వెతికే ముళ్లు దయచేసి దొరికేటట్టు చేయండి ప్రభువా" అని కూడా అన్నారు. కాకి సంగతి అప్పటికే అవనిగడ్డ చేరిందని అర్థమైంది.

అన్నంలోకి నెయ్యి, పప్పు, గోంగూర, ఆ తర్వాత రొయ్యల వేపుడు. నేను నా పని గురించి చెప్తుంటే సులోచనమ్మ గారు మధ్యమధ్యలో "ఊఁ, ఊఁ" అంటూ నాకు వడ్డిస్తూనే ఉన్నారు. కరుణ మాత్రం తినడం ఆపేసి వింది.

"అంటే మీ ఎముకల్లో ఏముంటుంది మేడమ్?" అని అడిగింది.

"రాగి సంగటి" అన్నాను. ఇద్దరూ నవ్వారు.

"చిన్నప్పుడు తిన్నది కూడా తెలుస్తుందా?" అంది మళ్లీ.

ఎముకలో అయితే కష్టం, ఎముక ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది, పన్నులో అయితే తెలుస్తుంది, పన్ను ఒకసారి తయారయ్యాక మారదు అని చెప్పాను. కరుణ అరచెయ్యి మళ్లీ దవడ మీదికి వెళ్లింది. సులోచనమ్మ గారు మజ్జిగ గిన్నె కోసం లేచి లోపలికి వెళ్లారు.

నాగాయలంక రేవు

మర్నాడు కరుణ సెలవు పెట్టి నాతో వచ్చింది. నాగాయలంక రేవులో పడవల వాళ్లందరికీ ఆమె తెలుసు. వాళ్ల పిల్లలకి టీకాలు వేసింది ఆమే. "కరుణమ్మ గారొచ్చారు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నాకేం కావాలో ఆమె చెప్తుంటే, మాసిన లుంగీ కట్టుకున్న ఒక నడివయసాయన పడవ అడుగు నుంచి ఉప్పునీటి చేప పండుగప్పని రెండు చేతులతో ఎత్తి చూపించాడు. చందువలు, వంజరం సముద్రంలోంచి అప్పుడే వచ్చాయి. కొరమేను కూడా దొరికింది, నన్ను ఏడిపించిన దానికంటే పెద్దది. కండ అంతా రేవులోనే పంచేశాం. ముళ్లు నేను తీసుకున్నాను. కాలి కింద బురద జారి ఒకసారి నడుం దాకా నీళ్లలో కూర్చుండిపోయాను, సంచీ మాత్రం పైకెత్తి పట్టుకున్నాను. ఒడ్డునున్న ఆడవాళ్లు నవ్వుతూనే వచ్చి లేవదీశారు.

బట్టలు ఆరేదాకా ఎదురుమొండి వెళ్లే పడవలో కూర్చుని అవతలి ఒడ్డుకి వెళ్లి వచ్చాం. నది అక్కడ ఎంత వెడల్పంటే, ఎక్కడ ఆగి ఎక్కడ సముద్రమవుతుందో కొత్తవాళ్లకి తెలియదు. కరుణ ఆ నీళ్ల వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"నేను అమ్మ కన్న కూతుర్ని కాదు మేడమ్. ఉప్పెన పిల్లని."

డెబ్బైల చివర్లో దివిసీమని ఊడ్చుకుపోయిన ఉప్పెన గురించి మా వైపు వాళ్లకీ తెలుసు.

"నీళ్లు తీశాక ఎవరో నన్ను ఆసుపత్రిలో దింపి వెళ్లారంట. నాలుగేళ్లుంటాయని డాక్టర్లు అనుకున్నారు. నాకేమీ గుర్తు లేదు. ఏ ఊరు, ఎవరి పిల్లని, ఏమీ తెలియదు. ఆసుపత్రిలో చేర్చిన రోజే నా పుట్టినరోజు." నా వైపు తిరిగింది. "నా పన్ను తీసుకుని చెప్తారా, నేను ఎవర్నో?"

అప్పుడు నాకు భయం వేసింది. చచ్చిపోయి వేల ఏళ్లయిన మనిషి గురించి ఎంత ధీమాగానైనా రాయొచ్చు, ఆవిడ వచ్చి అడగదు. ఎదురుగా కూర్చున్న మనిషికి అలా చెప్పలేం. ఏ ఊరో పన్ను చెప్పదు, ఈ సీమంతా ఒకే నది తెచ్చిన మట్టి, ఒకే నీళ్లు అన్నాను. సముద్రపు చేప బాగా తిన్న ఇల్లో, అన్నం పప్పు తిన్న ఇల్లో, మహా అయితే అంతవరకు చెప్పగలం, అది కూడా తప్పు కావొచ్చు అన్నాను. దీనికోసం మంచి పన్ను పీకించుకోవద్దని కూడా చెప్పాను.

"మంచిది కాదుగా, పుచ్చింది. పీకేయాలని డాక్టరు గారు పోయినేడే చెప్పారు. నాకే ధైర్యం చాల్లేదు" అంది. నోరు తెరిచి చూపించింది. పాలపళ్ల వెనకాల అన్నిటికంటే ముందు వచ్చే దవడ పన్ను అది. పుట్టినప్పటి నుంచి చిగుళ్ల లోపల పొరలు పొరలుగా తయారయ్యే పన్ను. మాకు కావలసింది సరిగ్గా అదే. ఆ మాట దాచిపెట్టలేకపోయాను.

"అయితే ముందు మీ అమ్మగారిని అడగాలి" అన్నాను.

ఆ మాటకి కరుణ మొహం చిన్నబోయింది. "ఎట్టా అడగను మేడమ్? ఆవిడ నాకేం తక్కువ చేసిందని?"

సులోచనమ్మ గారి వరండా

సాయంత్రం సులోచనమ్మ గారు వరండాలో బియ్యం ఏరుతున్నారు. కరుణ పక్కన కూర్చుంది గానీ నోరు విప్పలేదు. చివరికి నేనే చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆవిడ చేతులు బియ్యంలో కదులుతూనే ఉన్నాయి. నేను ఆపాక అవీ ఆగాయి.

"దీన్ని దుప్పట్లో చుట్టి తెచ్చారు" అన్నారు. "ఒళ్లంతా గీరుకుపోయి ఉంది. తాటిమట్టలో, తుమ్మ ముళ్లో. ఏడవదు, మాట్లాడదు, పెట్టింది తింటది. ఏ ఊరి పిల్లో అని నేను ఎంతమందిని అడిగానో అమ్మాయ్. లారీల వాళ్లని, మిలిటరీ వాళ్లని, కనపడినవాళ్లందర్నీ. ఊళ్లే లేకుండా పోయాయి, ఇక చెప్పేదెవరు?"

కరుణ తల ఎత్తలేదు.

"దీని చిన్నప్పుడు ఎవరైనా వచ్చి ఇది మా పిల్లంటారేమోనని గేటు చప్పుడైతే హడిలి చచ్చేదాన్ని. ప్రార్థనలో కూడా చెప్పుకునేదాన్ని, ఎవరూ రాకూడదని. అది మంచి ప్రార్థన కాదని నాకూ తెలుసు." ఆవిడ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఇప్పుడింకేం భయం? ఇంత మనిషిని ఎవరెత్తుకుపోతారు? తీయించుకో. ఎన్నాళ్లు లవంగాలు నవుల్తావ్? నా డబ్బాలో ఒక్కటి మిగల్చలేదు."

కరుణ అప్పుడు తలెత్తి చూసింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. బియ్యం చేట పక్కకి జరిపి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుంది. నేను లేచి దొడ్లో ఆరేసిన ముళ్లని చూసుకోవడానికి వెళ్లాను. అక్కడ కాకులేమీ లేవు.

మళ్లీ బెజవాడ

తిరుగు బస్సులో ముగ్గురం వచ్చాం. ఖాజా గారు చెప్పిన పళ్ల డాక్టరు గవర్నర్‌పేటలోనే, మందుల షాపు పై అంతస్తులో ఉంటారు. ఎన్నో పురుళ్లు చూసిన సులోచనమ్మ గారు కూతురి పన్ను తీస్తుంటే లోపల ఉండలేక బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. నేను లోపల నిలబడ్డాను. పన్ను ఒక పట్టాన రాలేదు. ఒకసారి టక్‌మని చప్పుడైంది. డాక్టరు గారు "వేరు విరిగిందండీ" అన్నారు. పై భాగం చెడకుండా వచ్చింది. మిగతా వేరు తర్వాత ముక్కగా వచ్చింది. నర్సు రెంటినీ దూదితో సహా చెత్త గిన్నెలో వేయబోతుంటే గభాలున చెయ్యి అడ్డుపెట్టాను.

"పన్ను అడిగి పట్టికెళ్లేది చిన్నపిల్లలేనండీ, ఇంటి కప్పు మీద పారేసుకోవడానికి" అన్నారు డాక్టరు గారు నవ్వుతూ.

కరుణ నోట్లో దూదితో ఏదో అంది. అర్థం కాలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

స్టేషన్‌కి షమీమ్ గారు కూడా వచ్చారు. ప్రయాణంలో తినమని డబ్బా చేతిలో పెట్టారు. రైలు కొండపల్లి దాటాక మూత తీశాను. చేప పులుసు. ఈసారి ముళ్లతోనే.

ఇంటికి వచ్చాక

చేప ముళ్లు మా పనికి బాగా అక్కరకొచ్చాయి. రాతి గొడ్డళ్ల కాలం నాటి ఆవిడ జొన్న లాంటి చిరుధాన్యాలూ, ఏటి చేపలూ తిని బతికిందని మేం నమ్మకంగా రాయగలిగాం. సముద్రం వాసన ఆవిడ ఎముకల్లో లేదు.

కరుణ పన్ను పరీక్షకి మా ప్రయోగశాల పెద్దాయన మొదట ఇష్టపడలేదు. ఆ అమ్మాయి సంగతంతా చెప్పాక, "చెయ్యండి. ఉన్నదే చెప్పండి, లేనిది కలపకండి" అన్నారు. పన్నుని పైనుంచి వేరు వైపు పలచని పొరలుగా కోశాం. ఒక్కో పొరా ఆమె చిన్నతనంలో కొన్ని నెలలు. ఫలితాలు రావడానికి చాలా కాలం పట్టింది. కాగితం చేతికొచ్చిన రోజు అన్నం తినకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. తర్వాత అవనిగడ్డకి ఫోన్ చేశాను. కరుణే ఎత్తింది.

ఊరు తెలియలేదని ముందే చెప్పేశాను. ఊహించినట్టే అది తేలలేదు. సముద్రపు చేప మాత్రం కనిపించింది, కాబట్టి తీరం వెంబడి ఏదో ఒక ఊరు అయ్యుండొచ్చు, అంతకంటే గట్టిగా చెప్పలేను అన్నాను. అవతలి నుంచి "ఊఁ" అని వినపడింది.

"ఇంకో సంగతి ఉంది కరుణా. మొదటి పొరల్లో బరువు నత్రజని చాలా ఎక్కువగా ఉంది. అది చేప వల్ల కాదు. తల్లి పాలు తాగే బిడ్డలో అలా ఉంటుంది. బిడ్డ తినేది తల్లినే కదా. ఆ ఎక్కువ మెల్లగా తగ్గుతూ వచ్చింది. రెండేళ్లు నిండేదాకా నీకు పాలు మాన్పించలేదు."

కరుణ రిసీవరు పక్కకి తిప్పి లోపలికి కేకేసింది.

"అమ్మా! మా అమ్మ నాకు రెండేళ్లు పాలిచ్చిందంటమ్మా!"

వంటింట్లోంచి సులోచనమ్మ గారి గొంతు నాకు కూడా స్పష్టంగా వినపడింది.

"ఇయ్యకేమే పిచ్చిదానా! అంత ఉప్పెనలో బతికి బట్టకట్టావంటే, ఆ తల్లి పాల బలం కాదూ!"